వైండింగ్ చేయించే ముందు ఒకసారి మేడెక్కి చూడండి

మీ పోస్టులో, దానితో పెట్టిన ఫొటోల్లో నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిచేయండి. బోడుప్పల్‌లో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లున్న ఇల్లు. డాబా మీద పడిన వాన నీళ్లు పక్క సందులో ఉన్న రెండు 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి దిగుతాయి. వాటి పక్కనే 1 హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ మోటారు. మేడ మీది 1,000 లీటర్ల ట్యాంకును అది ఒకప్పుడు 25 నిమిషాల్లో నింపేది. ఇప్పుడు పొద్దున వేస్తే, ట్యాంకు నిండబోయే ముందు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోతోంది. అరగంట చల్లారాక దానంతట అదే మళ్లీ మొదలవుతోంది. సాయంత్రం వేస్తే పది నిమిషాలు కూడా నడవట్లేదు. ఆగస్టులో ఒకసారి వైండింగ్ (లోపలి తీగ చుట్టలు మళ్లీ కట్టడం) చేయించారు, రెండు నెలలకే మళ్లీ అదే కథ. మొన్న పదకొండు గంటలకు వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి, ప్లేటు మీద 6 ఆంప్స్ ఉంటే 8.1 లాగుతోంది, వైండింగ్ చెడిపోయింది, పైగా సాయంత్రం వోల్టేజీ 195కి పడిపోతోంది అన్నాడు. మళ్లీ వైండింగా, కొత్త మోటారా అన్నది మీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ వద్దు.

నేను ఇరవై రెండేళ్లు మోటార్ల వైండింగ్ షాపు నడిపాను. వైండింగ్ వద్దని చెబితే నా పొట్ట మీద నేనే కొట్టుకున్నట్టు. అయినా చెప్తున్నాను, ఎందుకంటే మీ పోస్టులో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు విషయాలు నన్ను ఆపేశాయి. ఒకటి: "జూన్‌లో మా బావమరిది నీళ్లు పొంగి వృథా పోకుండా పై ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ బిగించాడు." రెండోది మీరు రాయలేదు, మూడో ఫొటోలో కనిపించింది. మోటారు నుంచి పైకి వెళ్లే తెల్ల పీవీసీ పైపు మొదటి మూరెడు కొంచెం వంగి ఉంది చూడండి. ఎవరో కాలు తగిలించి వంచింది కాదది. వేడికి మెత్తబడి, పై పైపు బరువుకు ఒరిగి, చల్లారాక అలాగే బిగుసుకుపోయింది. మామూలు పీవీసీ 60 డిగ్రీలు దాటితే బలం తప్పుతుంది. అంటే మీ మోటారు ఒక్కటే కాదు, దాని లోపలి నీళ్లు కూడా ఆ స్థాయికి వేడెక్కుతున్నాయి. వైండింగ్ చెడితే మోటారు ఒళ్లు కాలుతుంది, నీళ్లు కాలవు. నీళ్లు వేడెక్కాయంటే అవి ముందుకు పోలేక పంపు లోపలే గిరగిరా తిరుగుతున్నాయని.

లెక్క వేసి చూడండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. పంపు తల లోపల ఉండే నీళ్లు లీటరు అనుకుందాం. డెలివరీ, అంటే పంపు నీళ్లు బయటికి తోసే వైపు, పూర్తిగా మూసుకుపోతే మోటారు పెట్టే బలమంతా ఆ లీటరు నీళ్లలోకే వేడిగా పోతుంది. ఆ లెక్కన నిమిషానికి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి మూడు నిమిషాలు చాలు. బయటి గాలికి కొంత పోయినా, సగం మూసుకున్న వాల్వ్‌లోంచి కొంత నీరు కదులుతున్నా, పది పదిహేను నిమిషాల్లో టీ కాచుకునేంత వేడి వస్తుంది.

ఇక ఆంప్స్ సంగతి. మీ దగ్గరున్న రకం పంపును చాలామంది మామూలు సెంట్రిఫ్యూగల్ మోనోబ్లాక్ అనుకుంటారు. కాదు. తల చిన్నగా, గుండ్రంగా ఉంది, లోపల ఇత్తడి ఇంపెల్లర్ అంచు చుట్టూ చిన్న చిన్న పళ్లుంటాయి, రూపాయి బిళ్ల అంచులాగా. దీన్ని రీజెనరేటివ్ అంటారు, కొందరు పెరిఫెరల్ అంటారు. ఈ రెండు జాతుల స్వభావం పూర్తిగా ఎదురు. పొలాల్లో వాడే సెంట్రిఫ్యూగల్ పంపుకు డెలివరీ గేటు మూస్తే ఆంప్స్ తగ్గుతాయి, అందుకే వాటిని గేటు మూసి స్టార్ట్ చేసే అలవాటు ఉంది. మీ పంపుకు డెలివరీ మూస్తే ఆంప్స్ పెరుగుతాయి. దారి ఎంత ఇరుకైతే అంత బరువు లాగుతుంది. పొలం మోటార్లు చూసి చూసి అలవాటైన మెకానిక్‌లు ఇక్కడే పొరబడతారు. గేటు సగం మూసి చూశాను, ఆంప్స్ ఇంకా పెరిగాయి, కాబట్టి వైండింగే పోయింది అనేస్తారు.

మీ ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టింది పదకొండు గంటలకు, అప్పుడు వోల్టేజీ 228 అని మీరే రాశారు. 228 దగ్గర కూడా 8.1 లాగుతోందంటే మూలం వోల్టేజీలో లేదు. పొద్దున్నే ట్యాంకు నింపుకుని ఉంటారు కాబట్టి ఆ సమయానికి పైన జానెడో బెత్తెడో మాత్రమే ఖాళీ ఉండి ఉంటుంది. అంటే ఫ్లోట్ వాల్వ్ అప్పటికే మూసుకుంటూ ఉంది.

ఈ ఫ్లోట్ వాల్వ్, మన ప్లంబర్లు బాల్ కాక్ అంటారే, అది మున్సిపల్ నల్లా నీళ్ల కోసం పుట్టిన వస్తువు. నల్లాకు దారి మూస్తే పోయేదేమీ లేదు, నీళ్లు పైపులో ఆగుతాయి, అంతే. మోటారుకు దారి మూస్తే అది ఆగదు, స్విచ్ వేసి ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది. పైగా అది టక్కున మూసుకునేది కాదు. బంతి పైకి లేచేకొద్దీ కొంచెం కొంచెంగా మూస్తుంది. పైపు అంగుళం ఉన్నా, వాల్వ్ లోపల నీళ్లు పోయే రంధ్రం చాలావాటిలో పెన్సిల్ లావు కన్నా పెద్దగా ఉండదు. కాబట్టి ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొంత అడ్డం, నిండబోయేటప్పుడు పూర్తి అడ్డం. పొద్దున ఖాళీ ట్యాంకుకు చాలాసేపు నడిచి చివర్లో ట్రిప్ అవడం, సాయంత్రం ముప్పావు నిండిన ట్యాంకుకు వేయగానే పది నిమిషాల్లో ట్రిప్ అవడం, రెండూ దీనితో సరిపోతాయి. సాయంత్రం వోల్టేజీ తగ్గడం దానికి తోడైంది. 230 మీద 195 అంటే 15 శాతం తక్కువ. తిప్పే బలం మాత్రం అంతకంటే ఎక్కువగా, 28 శాతం దాకా పడిపోతుంది. అదే బరువు లాగాలి కాబట్టి మోటారు నెమ్మదించి, ఇంకా ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది.

మీ బావమరిదిని ఏమీ అనకండి. నీళ్లు పోకూడదనే మంచి ఉద్దేశంతోనే చేశాడు. నా సొంత ఇంట్లో మా తమ్ముడు ఇదే పని చేశాడు.

నా మాట నమ్మి వాల్వ్ పీకేయకండి, పరీక్ష చేయండి. ఇద్దరు మనుషులు, వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ చూపే ఒక క్లాంప్ మీటరు చాలు. ఒకరు మేడ మీద, ఒకరు కింద, ఫోన్లో మాట్లాడుకుంటూ. సాయంత్రం కాకుండా పొద్దున వోల్టేజీ బాగున్నప్పుడు చేయండి. పై ట్యాంకు ముప్పావు నిండి ఉండగా మోటారు వేసి, రెండు నిమిషాల తర్వాత ఆంప్స్ రాసుకోండి. తర్వాత పైనున్నవాళ్లు ఫ్లోట్ బంతిని నీళ్లలోకి పూర్తిగా నొక్కి పట్టుకోవాలి, వాల్వ్ బార్లా తెరుచుకునేలా. కింద మీటరు చూడండి. తర్వాత బంతిని పైకి ఎత్తి నెమ్మదిగా మూయండి, పూర్తిగా మూసి పది సెకన్ల కంటే ఎక్కువ ఉంచొద్దు. నొక్కినప్పుడు 6 చుట్టుపక్కలకు దిగి, ఎత్తినప్పుడు 8, 9 దాటిందా, కేసు తేలిపోయినట్టే. మీ వైండింగ్ బాగుంది.

బంతి నొక్కినా 8 దగ్గరే ఉంటే? అప్పుడు అడ్డం వాల్వ్‌కు ముందు ఎక్కడో ఉంది. రెండో ఫొటోలో డెలివరీ లైన్లో నీలం హౌసింగ్ కనిపిస్తోంది, క్యాండిల్ ఫిల్టర్. వానాకాలం మొదలైనప్పటి నుంచి దాని క్యాండిల్ మార్చారా? వాన నీటిలో డాబా మీది సన్న మట్టి, పావురాల రెట్ట, నాచు వస్తాయి. ఆ క్యాండిల్ రెండు నెలల్లో ఇటుకలా గట్టిపడుతుంది. క్యాండిల్ తీసేసి ఉత్త హౌసింగ్ బిగించి మళ్లీ ఆంప్స్ చూడండి. అక్కడా తేడా లేకపోతే మోటారు పక్కనున్న యూనియన్ (విప్పి బిగించుకునే పైపు జాయింటు) విప్పి, చిన్న పైపు ముక్క తగిలించి నేరుగా బకెట్‌లోకి వదలండి. 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. మీ పాత లెక్క 25 నిమిషాలకు 1,000 లీటర్లు, అంటే 30 సెకన్లకు ఒక బకెట్, అదీ పైకి ఎక్కించినప్పుడు. కింద వదిలితే ఇంకా త్వరగా నిండాలి. త్వరగా నిండి ఆంప్స్ కూడా తగ్గితే లోపం పైపులో ఉంది, మోటారులో లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద మా కాలనీలోనే ఒక పెద్దావిడ ఇంటి మోటారుకు నేను రెండుసార్లు వైండింగ్ చేశాను. మొదటిసారి వానాకాలం ముందు, రెండోసారి దసరాకు. నల్లగా మాడిన తీగ, వార్నిష్ వాసన, చూడగానే కాలిపోయిందని తెలుస్తోంది, కట్టాను, డబ్బులు తీసుకున్నాను. మూడోసారి తెచ్చినప్పుడు సిగ్గేసి వాళ్లింటికి వెళ్లాను. పంపు పక్కన, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే స్ప్రింగ్ రకం ఎన్ఆర్‌వీ ఉంది. విప్పి పేపరు మీద దులిపితే పిచ్చుక గూడులాంటి ఉండ పడింది. వేపాకు ఈనెలు, వాటిని చుట్టుకుని టెఫ్లాన్ టేపు ముక్క, మధ్యలో కొంచెం ఎమ్-సీల్ పెచ్చు. వాళ్ల డాబా మీదికి వేప కొమ్మ వంగి ఉంది. ఆకులు జాలీ దగ్గర ఆగేవి, ఈనెలు సూదుల్లా నిలువుగా దూరి వచ్చేవి. వాన నీళ్ల ట్యాంకుకు వేప, సరుగుడు లాంటి చెట్లు దగ్గరుంటే నేను ఇప్పటికీ మొదట ఎన్ఆర్‌వీ విప్పుతాను. మీ ఫొటోలో కూడా ఎన్ఆర్‌వీ ఉంది, బాణం గుర్తు సరైన దిక్కుకే ఉంది. మీ లైన్లో దాన్ని కూడా ఒకసారి విప్పి చూడండి. ఆవిడ డబ్బు తర్వాత తిరిగి ఇచ్చేశాను, కానీ ఆవిడ నాకు ఇంకో మోటారు ఇవ్వలేదు.

డెలివరీ వైపు ఇంతసేపు చెప్పాను, ట్యాంకు వైపు మరిచిపోలేదు. సక్షన్లో, అంటే పంపు నీళ్లు పీల్చే వైపు, అడ్డం ఉంటే లక్షణం వేరుగా ఉంటుంది. నీళ్లు తక్కువ వస్తాయి, ఆంప్స్ మాత్రం పెరగవు, తరచుగా తగ్గుతాయి. పంపులోంచి గులకరాళ్లు తిరిగినట్టు గరగర శబ్దం వస్తుంది. పైన ట్యాంకులో పడే ధారలో గాలి బుడగలు, కక్కులు కక్కుతూ వస్తుంది. మీ ఆంప్స్ ఎక్కువున్నాయి కాబట్టి నా అనుమానం అటు పోలేదు. అయినా రెండు ట్యాంకులను కలిపే అడుగు పైపులో రెండు బాల్ వాల్వులు కనిపిస్తున్నాయి, ఒకదాని పిడి అడ్డంగా ఉంది. పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. ఒక ట్యాంకే వాడుతున్నారేమో చూసుకోండి. ఆ ట్యాంకు అడుగుదాకా వెళ్లినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. ఈ రకం పంపుకు నీళ్లు లేకుండా గాలితో తిరగడం, నీళ్లు మోటారులోకి కారకుండా ఆపే సీలును నిమిషాల్లో తినేస్తుంది, ఎందుకంటే కార్బన్ సీలు ముఖానికి చల్లదనం, జారుడు రెండూ నీళ్లే ఇవ్వాలి.

ట్యాంకు నుంచి సక్షన్ ఎక్కడి నుంచి తీశారో కూడా చూడండి. అడుగున సరిగ్గా తీస్తే మడ్డి అంతా పంపులోకే. రీజెనరేటివ్ పంపులో ఇంపెల్లర్‌కూ గోడకూ మధ్య ఖాళీ కాగితమంత. ఒక్క ఇసుక రేణువు చాలు గీరుకోవడానికి. గీరుకున్నా ఆంప్స్ పెరుగుతాయి, అదే 8 చూపిస్తుంది, అందుకే ఈ మాట చెప్తున్నాను. మెయిన్ ఆపేసి వెనక ఫ్యాన్ కవర్ విప్పండి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. మొత్తం చుట్టు ఒకే బిగువుతో తిరగాలి. ఒక చోట పట్టేసి వదులుతుంటే గాని, గర్రుమంటుంటే గాని తల విప్పాలి. ఎండాకాలమంతా ట్యాంకు ఖాళీగా ఉండి మొదటి వానకు వేస్తే కదలక హుమ్మని మూలిగే మోటార్లు ఈ జాతివే. పోత ఇనుము తల తుప్పుపట్టి ఇత్తడి ఇంపెల్లర్‌ను కరిచేస్తుంది. వాన నీటిలో ఉప్పులు తక్కువ, కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. బోరు నీళ్లు ఇనుము మీద పొక్కులా తెల్లటి పొర కడతాయి, వాన నీళ్లు ఆ పొర కట్టవు, నేరుగా తింటాయి. మే నెలలో వారానికోసారి ట్యాంకులో కాసిని నీళ్లుంచి ఒక్క నిమిషం మోటారు తిప్పితే ఈ బాధ ఉండదు.

ఇక మోటారు సొంత లోపాలు. ఇవన్నీ పై పరీక్షలు తేలాకే.

మోటారు స్టార్ట్ అవ్వడానికి తోడ్పడే కండెన్సర్ (కెపాసిటర్) ముందు. ఆగస్టులో వైండింగ్ చేసినప్పుడు పాతదే ఉంచారా, వేరేది వేశారా అడగండి. ప్లేటు మీద ఎన్ని మైక్రోఫారడ్లని రాసి ఉంటే అంతే వేయాలి. స్టార్ట్ కావట్లేదని పెద్దది వేసే అలవాటు కొందరికి ఉంది. పెద్దది వేస్తే స్టార్ట్ బాగా అవుతుంది, కాని సహాయక వైండింగ్‌లో ఎప్పుడూ ఎక్కువ కరెంటు పోయి అది కాలుతుంది. బలహీనపడినదైతే మోటారు మూలుగుతూ ఆలస్యంగా అందుకుంటుంది. కెపాసిటెన్స్ చూపే మల్టీమీటరు ఉంటే కొలవండి, ముద్రించిన దానికంటే పది శాతం కిందకు పోతే మార్చేయండి, పెద్ద ఖరీదు కాదు. కొలిచే ముందు మెయిన్ ఆపి, హోల్డరుకు పెట్టిన పాత 60 వాట్ల బల్బు తీగలను దాని టెర్మినళ్లకు ఆనించి చార్జి దింపండి. స్క్రూడ్రైవరుతో చిటుక్కుమనిపించే పద్ధతి మానేయండి, నా కనుబొమ్మ ఒకటి దానివల్లే సగం ఉంది.

తర్వాత వైరు. మీటరు బోర్డు నుంచి మోటారు దాకా సందు చుట్టి ఎంత దూరం ఉందో తెలియదు, 30 మీటర్లు అనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు అయితే పోను రాను 60 మీటర్లకు సుమారు 1 ఓం నిరోధం. 6 ఆంప్స్ నడిచేటప్పుడు 6 వోల్టులే పోతాయి, ఫర్వాలేదు. స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు అయిదారు రెట్లు, అంటే 30 దాటుతుంది, అప్పుడు 30 వోల్టులు వైరులోనే పోతాయి. సాయంత్రం 195 మీద 30 తీసేస్తే మోటారుకు చేరేది 165. స్టార్ట్ అవ్వడానికే దమ్ము చాలదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించుకోవడం వైండింగ్ కన్నా మేలైన ఖర్చు. మోటారు టెర్మినల్ పెట్టె కూడా తెరిచి చూడండి, వదులైన స్క్రూ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది.

మూడోది మీరు మోటారు మీద పెట్టిన రేకు పెట్టె. వానకు తడవకుండా, చప్పుడు పక్కింటికి వినపడకుండా అని మూడు వైపులా మూసేశారు. ఈ మోటారుకు చల్లదనం ఇచ్చేది వెనకున్న ఆ చిన్న ఫ్యాన్ ఒక్కటే. దానికి పెట్టె గోడ నాలుగు వేళ్ల దూరంలో ఉంది. బయటికి ఊదిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. ఈ మోటార్లకు లెక్క కట్టేది 40 డిగ్రీల చుట్టుపక్కల గాలికి. మన ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే అది దాటుతుంది, రేకు పెట్టెలో చెప్పనక్కర్లేదు. పైన కప్పు ఉంచండి, వెనకా ముందూ తెరవండి, ఫ్యాన్ వెనక కనీసం జానెడు ఖాళీ ఉండాలి.

చెయ్యి పెట్టలేకపోతున్నాం అన్నదాన్ని మాత్రం అంత పెద్దగా తీసుకోకండి. 55 డిగ్రీలకే మన చెయ్యి వెనక్కి వస్తుంది. మంచి మోటారు ఒళ్లు ఎండాకాలం 65, 70 దాకా ఉండొచ్చు. లోపలి ఇన్సులేషన్ బి క్లాసుదైతే 130 డిగ్రీల దాకా, ఎఫ్ క్లాసుదైతే 155 దాకా తట్టుకుంటుంది, ఆ అక్షరం ప్లేటు మీదే ఉంటుంది. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిందంటే మాత్రం ఒంటి మీదే వంద దాటినట్టు, వెంటనే ఆపేయాలి. లోపలి వేడి సరిగ్గా కావాలంటే వైండింగ్ వాళ్లు చేసే లెక్క ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు మెయిన్ వైండింగ్ నిరోధం కొలిచి ఉంచుకుని, ట్రిప్ అయిన వెంటనే మళ్లీ కొలుస్తారు. రాగి నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 4 ఓంలు ఉన్నది 5 అయిందంటే లోపల 95 డిగ్రీల పైన ఉన్నట్టు. మీకు కుదిరితే చేయండి, మామూలు మల్టీమీటరు అంత తక్కువ ఓంలు సరిగ్గా చూపదు కాబట్టి షాపులో చేయించడం నయం. అక్కడే ఇంకోటి అడగండి: ఆగస్టులో కట్టింది రాగి తీగా, అల్యూమినియమా? పాత తీగ గేజీ, చుట్ల సంఖ్య ప్రకారమే కట్టారా? అల్యూమినియం అయితే అదే సైజుకు నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువ. మీ మోటారు దానంతట అదే ఆగి మొదలవుతోంది అంటే లోపల థర్మల్ ప్రొటెక్టర్ తిరిగి పెట్టారు, అంతవరకు నిజాయితీగానే చేశారు. "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, డైరెక్ట్ చేసేయ్" అని ఎవరితోనూ అనకండి. అది అడ్డుపడుతోంది కాబట్టే మీ మోటారు ఇంకా బతికుంది. దానంతట అదే మొదలయ్యే రకం కాబట్టి ఆగి ఉందని చెయ్యి పెట్టకండి. ఎంసీబీ దింపాకే ముట్టుకోండి. తడి సందులో ఉన్న మోటారుకు ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి.

వాల్వే దొంగ అని తేలితే ఏం చేయాలో కూడా చెప్తాను, లేకపోతే మళ్లీ నీళ్లు పొంగుతాయి, మీ బావమరిది మళ్లీ వాల్వ్ పట్టుకొస్తాడు. ఫ్లోట్ వాల్వ్ తీసేసి, పై ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. పేరు దగ్గరగా ఉన్నా వస్తువు వేరు. ఇది నీళ్లను ఆపదు, కరెంటును ఆపుతుంది. కేబుల్‌కు వేలాడే బుడ్డి, నీళ్లు లేస్తే తిరగబడి మోటారు ఆపేస్తుంది. కింది ట్యాంకులో ఇంకొకటి పెట్టిస్తే నీళ్లు అయిపోయినా ఆగుతుంది. రెంటినీ కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకునే రిలే స్విచ్) ద్వారా కలపమనండి, 1 హెచ్‌పీ మోటారు స్టార్టింగ్ కరెంటు నేరుగా ఆ చిన్న స్విచ్ మీదుగా పోతే కొన్నాళ్లకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి.

షాపులో మీకు స్టీలు పుల్లల సెన్సర్లున్న వాటర్ లెవెల్ కంట్రోలర్ అంటగట్టాలని చూస్తారు. బోరు నీళ్లకు అది బాగా పనిచేస్తుంది. వాన నీళ్లలో ఉప్పులు లేక కరెంటు సరిగ్గా పారదు, కొన్ని కంట్రోలర్లు నీళ్లలో మునిగి ఉండి కూడా నీళ్లు లేవనే అనుకుంటాయి. అప్పుడు ట్యాంకు పొంగుతున్నా మోటారు ఆపవు. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఎండాకాలం ట్యాంకరు నీళ్లు పోసినన్నాళ్లూ పనిచేసి, జులైలో మొరాయించింది. కంపెనీవాళ్లు బోర్డు మార్చారు, మళ్లీ మొరాయించింది. నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపి చూస్తే పనిచేసింది. తాగే నీళ్లలో ఉప్పు కలపలేం కదా. బుడ్డి స్విచ్‌కు ఈ గొడవ లేదు.

ఆ నీలం ఫిల్టరును కూడా అక్కడి నుంచి తీసేయండి. సక్షన్ వైపుకు మాత్రం మార్చకండి, అది ఇంకా ప్రమాదం. వంటకు, తాగడానికి కావాలంటే పై ట్యాంకు తర్వాత, వంటింటి లైన్లో పెట్టుకోండి. మట్టిని ఆపాల్సింది పంపు దాకా రాకముందే. డాబా 100 చదరపు మీటర్లుంటే ఒక మిల్లీమీటరు వానకు 100 లీటర్లు వస్తాయి. ప్రతి వానకూ మొదటి 100, 150 లీటర్లు బయటికి వదిలేసే పైపు ఒకటి పెట్టించుకుంటే దుమ్ము, రెట్ట చాలా మటుకు అక్కడే పోతుంది. మన హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంత పాటి నీళ్లు వదిలేస్తే ట్యాంకులు ఏమీ ఎండిపోవు. సక్షన్ అడుగు నుంచి బెత్తెడు పైన ఉండేలా లోపల ఒక ఎల్బో తిప్పి పెట్టించండి, ఏడాదికోసారి మే నెలలో మడ్డి కడిగించండి.

వంగిన ఆ మూరెడు పైపును అలాగే వదలకండి, మెత్తబడి గట్టిపడిన పీవీసీ జాయింటు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. మోటారు నుంచి మొదటి మీటరు, వేడి తట్టుకునే సీపీవీసీ పైపు గాని జీఐ (ఇనుప) పైపు గాని వేయించండి. పంపు తలకూ మోటారుకూ మధ్య కింద చిన్న సందు ఉంటుంది, అక్కడ తడి, తెల్లటి చార ఉందేమో చూడండి. ఇన్ని నెలలు వేడి నీళ్లలో తిరిగింది కాబట్టి సీలు కొంత దెబ్బతిని ఉండొచ్చు. చుక్కలు పడుతుంటే ఇప్పుడే మార్చండి, ఆ నీరు ముందు బేరింగులోకి, అక్కడి నుంచి వైండింగులోకి పోతుంది. అప్పుడు నిజంగానే వైండింగ్ చేయించాల్సి వస్తుంది.

ఆదివారం పొద్దున పరీక్ష చేసి బంతి నొక్కినప్పుడు ఎన్ని ఆంప్స్, ఎత్తినప్పుడు ఎన్ని, అప్పుడు వోల్టేజీ ఎంత, ఈ మూడు అంకెలు ఇక్కడ రాయండి. ఫ్యాన్ చేత్తో తిప్పినప్పుడు ఎలా తిరిగిందో కూడా.